పడవ అడిగితే ఆ మాట ఎక్కడిదాకా వెళ్తుంది? ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని మా సింగ్‌నగర్ మునిగింది. హెలికాప్టర్లు, డ్రోన్లు, ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పడవలు వచ్చాయి, ఆ మేలు మరువం. కానీ లోపలి సందుల్లో మంచినీళ్ల కోసం, పడవ కోసం ఎదురుచూసిన టెన్షన్ ఇంకా పోలేదు.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే. వార్డు సచివాలయం అడిగిన పడవ, పాలు, మందుల సంగతి ఏ గంటకు మీకు చేరిందో, జిల్లాలో లేనివి రాష్ట్రాన్ని ఎప్పుడు అడిగారో ఒకేచోట రాయించండి. దాన్ని వార్డు సిబ్బంది కూడా చూడగలగాలి. అడిగిన పడవ బయల్దేరిందని తెలిస్తే చాలు, పసిబిడ్డతో మేడ మీద ఉన్న తల్లికి కొండంత ధైర్యం.

వానాకాలానికి ముందే ఒక్కసారి రిహార్సల్ పెట్టించండి. మేమూ వస్తాం.

ఇట్లు,
సింగ్‌నగర్ నివాసి