మా వెర్రిబీ నది గోడు, నాలుగోసారి

నదుల వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారం. ఇంతకుముందు పెట్టిన మూడు అర్జీలకూ "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని ఒకే జవాబు వచ్చింది. కామా కూడా మారలేదు. అంత విలువైనవని బీరువాలో దాచేశారేమోనని, ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూముల రైతు కొడుకుని. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే మాకు నీళ్లు. ఇప్పుడుంటున్నది మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో. ఇక్కడ వెర్రిబీ పక్కన నడుస్తుంటే మా నాన్న గుర్తొస్తాడు. వోంబాట్ అడవి నుంచి దాదాపు 110 కిలోమీటర్లు వచ్చి పోర్ట్ ఫిలిప్ అఖాతంలో కలిసే ఈ నదికి, తన నీళ్లలో తన వంతే ఆఖరు. పైక్స్ క్రీక్, మెరిము, మెల్టన్ జలాశయాలు ఆపుకోగా, బాకస్ మార్ష్ తోటలకూ వెర్రిబీ సౌత్ కూరగాయల మళ్లకూ పోగా, ఏదైనా ఉంటే నదికి. రైతును ఒక్క మాట అనను, మా ఇంటి కాలీఫ్లవర్ అక్కడిదే. నదికంటూ కాగితం మీద ఒక వాటా ఉంది కదా, దాని సంగతే అడుగుతున్నాను.

జనవరి వచ్చిందంటే టెన్షన్, ఇక్కడ అది నడివేసవి. ప్రవాహం తగ్గి నది మడుగులు మడుగులవుతుంది. నీళ్లు వేడెక్కి పచ్చటి నాచు తెట్టు కడుతుంది. నీళ్లు ముట్టుకోవద్దని బోర్డు పెడతారు. మేం చదువుకుని వెనక్కి పోతాం. ప్లాటిపస్ ఎక్కడికి పోతుంది? బాతు ముక్కు లాంటి ముక్కుండి, నీళ్లలో కళ్లు మూసుకుని, ఆ ముక్కుతోనే అడుగున పురుగుల్ని పసిగట్టి తినే జీవి. మడుగు ఎండితే ఇంకో మడుగుకి నేల మీద పడి నడవాలి. నక్క కంట పడితే అంతే.

యాబీలు అనే మంచినీటి రొయ్యల్లాంటి వాటిని పట్టే మూత వలల్లో ఇరుక్కుని, పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక ప్లాటిపస్‌లు చచ్చిపోతున్నాయని 2019లో ఆ వలలు నిషేధించారు. సంతోషం. 2021లో ప్లాటిపస్‌ను ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. అదీ సంతోషమే. జాబితాలో ఎక్కితే మడుగు నిండుతుందా సార్?

మెల్టన్ కింద వేసవిలో కాస్త నీళ్లు వదలండి. ఎంత వదులుతారో, ఎప్పుడు వదులుతారో ముందుగా చెప్పండి. వదలలేకపోతే ఆ మాటైనా చెప్పండి. ఎండిన మడుగు ఫొటోలు మళ్లీ జతచేస్తున్నాను, పాతవే. కొత్తవి తీసినా తేడా కనిపించదు.

ఇట్లు,
టార్నీట్ నుంచి ఒక చివరి భూముల మనిషి