నగదుకు టౌను, ఉద్దరకు ఊరంగడి

సంపాదకులు గారికి,

నమస్కారం. పల్లెల్లో చిల్లరంగళ్లు మూతపడుతున్నాయని మీ జిల్లా పేజీలో వార్త వచ్చి పన్నెండు రోజులైంది. ఆ రోజే రాద్దామనుకున్నాను. శనక్కాయలు అమ్ముడుపోయి బాకీలు తీరే కాలం కావడంతో పొద్దున తలుపు తీస్తే రాత్రి దాకా తీరిక దొరకలేదు. ఫోన్‌లో నొక్కితే సరుకు గుమ్మం దగ్గరికి వస్తున్న రోజుల్లో ఇలాంటి అంగళ్లు పోవడం సహజమే అని ఆ వార్త చివర ఒక వాక్యం ఉంది. ఆ వాక్యానికే నాకు కడుపు మండింది. మా ఊళ్లో గుమ్మం దగ్గరికి ఏదీ రాదు. పార్సిల్ తెచ్చే అబ్బాయి కుందుర్పిలో ఆగి ఫోన్ చేస్తాడు, మనమే పోయి తెచ్చుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి పప్పు ఉడుకుతుంటే ఇంట్లో చింతపండు లేదని తెలిసినవాళ్లు ఫోన్ నొక్కి ఏం చేస్తారు?

కుందుర్పి మండలంలోని ఒక పల్లెలో పంతొమ్మిదేళ్లుగా అంగడి నడుపుతున్నాను. మా మామగారు చిన్న బంకు పెట్టుకుని బీడీలు, వక్కాకు, బొరుగులు అమ్మేవారు. ఆయన పోయాక డ్వాక్రా అప్పు తీసుకుని ఇంటి ముందు గదిలో అంగడి పెట్టాను. ఊళ్లో కుర్రవాళ్లు చాలామంది బెంగళూరులో పనుల్లో ఉన్నారు. ఇక్కడ మిగిలింది ముసలివాళ్లు, ఆడవాళ్లు, బడి పిల్లలు. గ్యాస్ బండ దిగేది నా అరుగు మీదే. కొడుకులు బెంగళూరు నుంచి డబ్బు నా ఫోన్‌కు పంపితే, నేను గల్లా పెట్టెలోంచి నోట్లు తీసి తల్లుల చేతికి ఇస్తాను. దానికి ఎవరి దగ్గరా పైసా తీసుకోను.

ఈ డబ్బు పంపడం దగ్గరే 2025 జూలైలో భయం పుట్టింది. ఫోన్ పేమెంట్ల లెక్క చూసి కర్ణాటకలో చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు వచ్చాయని బెంగళూరులో ఉన్న మా పిల్లలు చెప్పారు. అక్కడ కొందరు అంగళ్ల ముందున్న క్యూఆర్ కోడ్ కాగితాలే పీకేశారట. నా ఖాతాలో పడేదంతా నా అమ్మకం అనుకుంటే ఎట్లా అని పది రోజులు ఒకటే టెన్షన్. సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అని ఆ తర్వాత ఇంకొకరు చెబితే తెలిసింది. నా అమ్మకం అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఏ అధికారీ మా ఊరి మొహం చూడలేదు. తూకం సరిగ్గా ఉందని తూనికల శాఖ వేసే సీలు లేని తక్కెడ ఉందా అని చూడటానికి మాత్రం వస్తారు. ఆ సీలు కోసం నేను కాటా ఒళ్లో పెట్టుకుని టౌనుకు రెండుసార్లు తిరిగాను. మొదటిసారి పోతే సారు క్యాంపుకు పోయారన్నారు. ఆ రోజంతా అంగడి మూసే ఉంది.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి ఇదీ రాస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, పేస్టు, తల నూనె మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పేదవాళ్లకు నాలుగు రూపాయలు మిగిలితే నాకూ సంతోషమే. కానీ ఆ రోజు నా అలమరలో ఉన్న సరుకంతా 18 శాతం లెక్కన కొన్నది. తెల్లారేసరికి జనం వచ్చి టీవీలో చూశాం, తగ్గించి ఇవ్వు అన్నారు. తగ్గించే ఇచ్చాను. రిజిస్ట్రేషన్ లేని అంగడికి ముందు కట్టిన పన్ను వెనక్కి రాదు. సరుకు వేసిన డిస్ట్రిబ్యూటర్ ‘చూద్దాంలే అక్కా’ అన్నాడు, ఇప్పటిదాకా ఒక్క పైసా ఇవ్వలేదు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ అమ్మితే అర్ధ రూపాయి మిగిలే నాకు ఆ నష్టం పూడాలంటే ఎన్ని ప్యాకెట్లు అమ్మాలో మీరే లెక్క వేయండి.

కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. ఇంటి మీటరుకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల లెక్కన, అంగడి మీటరుకు మొదటి యూనిట్ నుంచే 5.40. పాలు, పెరుగు పెట్టుకునే ఒక్క ఫ్రిజ్జు, ఒక్క లైటు ఉన్న గదికి కూడా కమర్షియల్ రేటే.

అప్పు అడిగితే అదొక కథ. 2015లో వచ్చిన ముద్ర పథకం కింద 50 వేల వరకు శిశు రుణం, హామీ అక్కర్లేదు అని గోడల మీద రాశారు. నేను పోయిన బ్యాంకులో ‘ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా సంతకం పెడతారా’ అని అడిగారు. మా ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే నేను 50 వేల కోసం వాళ్ల బల్ల ముందు ఎందుకు నిలబడతాను? కరోనా సమయంలో 2020లో వచ్చిన స్వనిధి రుణం పట్టణాల్లో తోపుడు బండ్లవాళ్లకు. టౌనులో బండి పెట్టుకున్నవాళ్లకు ఇవ్వడం న్యాయమే, వాళ్ల కష్టం వాళ్లది. పల్లెలో అదే సరుకు అమ్మేవాళ్లు ఆ లెక్కలో ఎందుకు లేరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఏడాది లాక్‌డౌన్‌లో బస్సులు ఆగి, టౌనుకు దారి మూసుకుపోయినప్పుడు ఈ ఊరు తిన్నది నా అంగట్లో బియ్యం, బేడలే.

ఇక నా అసలు బాధ మా ఊరివాళ్లతోనే. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది. నేను దాన్ని తప్పు పట్టను. ఆసుపత్రికి పోవాలన్నా, కూతురిని చూసి రావాలన్నా మొగుడి ముందు చెయ్యి చాచే పని తప్పింది. నేను కూడా ఆ బస్సులోనే పోతున్నాను. కానీ అప్పటి నుంచి చేతిలో డబ్బు పడిన రోజు నలుగురు కలిసి కళ్యాణదుర్గం బస్సెక్కుతున్నారు. నెల సరుకు అక్కడి మార్టులో నగదుకు కొంటారు. అక్కడ నూనె ప్యాకెట్ నేను హోల్‌సేల్‌లో కొనే ధర కంటే రూపాయి తక్కువకు దొరుకుతోంది. కంపెనీ ఆ మార్టుకు లారీ లెక్కన ఇస్తుంది, నాకు పెట్టె లెక్కన ఇస్తుంది. ఆ ధరకు నేను ఎక్కడి నుంచి తేవాలి? సంచులు దించుకుని ఇరవై రోజులు గడిచాక అదే నలుగురు నా గడప దగ్గరికి వస్తారు. ‘వదినా, ఒక శేరు బేడలు రాసుకో.’ ఉద్దరకు నేను, నగదుకు టౌను. ఈ లెక్కలో ఏ అంగడైనా ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఉద్దర ఇవ్వడం మానేయమని మా అబ్బాయి ఎప్పటినుంచో పోరుతున్నాడు. మానలేను. ఇక్కడ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది. జూన్, జూలైలో శనక్కాయ విత్తితే అమ్ముకునేది చలికాలానికే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు, అది కూడా అదునులో పడితేనే పంట. పడని ఏడు పాత బాకీని కొత్త పుస్తకంలోకి ఎక్కించుకోవడం తప్ప ఏం చేస్తాం? వడ్డీ వేయను. ఆ నమ్మకం మీదే కొందరు పదేళ్ల బాకీ కూడా తెచ్చి కట్టారు. ముఖ్యంగా మా అవ్వలు. 2024 జూలై నుంచి పింఛను 4,000 రూపాయలు ఒకటో తారీఖున చేతికి వస్తోంది, ఆ సాయంత్రమే కొంగు ముడి విప్పి బాకీ కట్టి పోతారు. మార్టు ఎటు ఉందో కూడా వాళ్లకు తెలియదు. నా గల్లా ఇంకా మోగుతోందంటే వాళ్ల వల్లే.

ఊరికే ఏడుస్తూ కూర్చున్నానని మీ పాఠకులు అనుకోకూడదని ఇది కూడా చెబుతున్నాను. చుట్టుపక్కల మూడు ఊళ్ల అంగళ్లవాళ్లం రెండేళ్లుగా కలిసి సరుకు తెస్తున్నాం. గురువారం ఒకే ట్రాలీ ఆటో మాట్లాడుకుని చక్కెర బస్తా, నూనె పెట్టెలు పంచుకుంటాం. కిరాయి మూడు భాగాలైంది, పెట్టెలు ఎక్కువ తీసుకుంటే ధర కూడా కాస్త తగ్గింది. కదలని సరుకు తేవడం మానేశాను. మా ఊరి ఆడవాళ్లు చేసే శనక్కాయ చట్నీపొడి, కొర్రలు, రాగిపిండి తూకం వేసి అమ్ముతున్నాను. పండగకు బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు పోయేటప్పుడు కిలోల లెక్కన తీసుకుపోతున్నారు. ఇవి టౌను మార్టులో ఉండవు.

అధికారులను నేను అడిగేవి పెద్దవి కావు. ఇంటి గదిలో నడిచే చిన్న అంగడికి కరెంటు రేటు తగ్గించండి. సీలు వేసే క్యాంపు ఏడాదికి ఒకసారి మండలంలోనే పెట్టండి. పల్లెవెలుగు బస్సులో ఒకటి రెండు బస్తాలు పద్ధతి ప్రకారం ఒక చార్జీకి ఎక్కించుకోనివ్వండి, కండక్టర్ దయ మీద వదలకండి. మా ఊళ్లో మీటింగ్ పెట్టినప్పుడు నీళ్ల బాటిళ్లు, బిస్కెట్లు టౌను నుంచి జీపులో వేసుకుని వస్తున్నారు. నా అంగడి ముందు నుంచే ఆ జీపు పోతుంది. స్థానిక ఉపాధి గురించి మైకులో గంట సేపు మాట్లాడతారు, అవే బిస్కెట్లు పది అడుగుల దూరంలో ఉన్నాయని చూడరు. పాత తరం అధికారులు మా మామగారి బంకు దగ్గర కూర్చుని ఊరి సంగతులు కనుక్కునేవారని విన్నాను. ఇప్పటివాళ్లు కారు అద్దం కూడా దించడం లేదు.

మా ఊరి అక్కచెల్లెళ్లను అడిగేది ఒక్కటే. నెల సరుకులో నూనె, చక్కెర టౌనులో కొనుక్కోండి, ఆ ధరకు నేను ఇవ్వలేను. ఉప్పు, పప్పులు, సబ్బులు మాత్రం డబ్బున్న రోజు కూడా నా దగ్గరే తీసుకోండి.

ఆ వార్త రాసిన విలేకరిని ఒకటో తారీఖు సాయంత్రం మా ఊరికి పంపండి. ఆరున్నర బస్సు దిగితే ఎదురుగా నీలం తలుపుల అంగడి నాదే. ఉద్దర పుస్తకం ముందు పెడతాను, ఎంతసేపైనా చూసుకోవచ్చు. అందులోని పేర్లు మాత్రం పేపర్లో వేయకూడదు.

ఇట్లు,
ఒక చిల్లరంగడి నడుపుకునే మహిళ,
కుందుర్పి మండలం, అనంతపురం జిల్లా