గ్రాఫ్ డేటాబేస్ వాడేవాళ్ళు టీషర్టులు పంచితే పెరగరు

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాప్ వార్త చదివాను. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే గ్రాఫ్ డేటాబేస్ మీద రోజంతా శిక్షణ ఇచ్చారట. ఎవరికి ఎవరితో ఏ సంబంధమో దాచిపెట్టుకుని వెతికిపెట్టే డేటాబేస్ అది. మన ప్రాంతంలో దాన్ని వాడేవాళ్ళ సంఖ్య పెంచడమే ధ్యేయమని నిర్వాహకులు చెప్పారు. ఫొటోలో అందరూ ఒకే రంగు టీషర్టులో ఉన్నారు. సంతోషమే. కానీ ఆ ధ్యేయం ఆ దారిలో నెరవేరదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చే మనిషిని. మైక్రోసాఫ్ట్ వారి పాత డేటాబేస్ ఫాక్స్‌ప్రో రోజుల నుంచీ ఇదే పని. కాటా చీటీ, హమాలీ, కమీషన్, రైతుకు ఇచ్చే పట్టీ, వ్యాపారి నుంచి రావలసిన బాకీ. వీటన్నిటికీ అడ్డు వరసలు, నిలువు గడులుండే మామూలు టేబుళ్ళు చాలు. ఉన్న మాట చెప్పాలంటే టేబుళ్ళే మేలు. రోజువారీ లెక్కకు గ్రాఫ్ డేటాబేస్ కావాలని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

అది అవసరమయ్యే రోజు వేరే ఉంటుంది. ఒక పెద్ద వ్యాపారి ఐపీ పెట్టాడనే కబురు యార్డులో పుట్టిందనుకోండి. ఆ సాయంత్రం ప్రతి కొట్లోనూ టెన్షనే. అతని దగ్గర మన డబ్బు ఎంత ఇరుక్కుందో పుస్తకం తీస్తే తెలుస్తుంది. తెలియనిది ఆ తర్వాతి సంగతి. అతనికి సరుకిచ్చిన కొట్లు ఏవి? ఆ కొట్లలో దేనికైనా మనం చేబదులు ఇచ్చామా? అక్కడ డబ్బు వడ్డీకి దాచుకున్న రైతుల్లో మన దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు ఎందరు? కోల్డ్ స్టోరేజిలో ఉన్న టిక్కీల (మిర్చి బస్తాల) మీద బ్యాంకు లోను ఎవరి పేరున ఉంది, హామీ సంతకం ఎవరిది? దెబ్బ ఎక్కడ మొదలైందో అందరికీ తెలుసు, ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు.

ఈ ప్రశ్న టేబుళ్ళను అడగాలంటే ఒక టేబుల్‌ని దానితోనే మళ్ళీ మళ్ళీ కలపాలి (జాయిన్ చేయాలి). ఎన్ని మెట్లు దిగాలో ముందే తెలిస్తే ఏదో ఒకటి రాయవచ్చు. తెలియకపోతే రికర్సివ్ క్వెరీ, అంటే తన జవాబు మీద తానే మళ్ళీ వెతుక్కుంటూ పోయే ప్రశ్న రాయాలి. టేబుళ్ళను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో ఆ వీలు ఉంది. కానీ అలా రాసిన దాన్ని ఆరు నెలల తర్వాత చదివితే రాసినవాడికే అర్థం కాదు. గ్రాఫ్ డేటాబేస్‌లో మనిషి, కొట్టు, లాట్, బాండు ఒక్కొక్కటీ ఒక చుక్క, వాటి మధ్య సంబంధం ఒక గీత. సైఫర్ అనే భాషలో క్వెరీ రాస్తే గుండ్రటి బ్రాకెట్లలో రైతు, బాణం గుర్తు, మళ్ళీ బ్రాకెట్లలో కొట్టు, ఇంకో బాణం, చివర వ్యాపారి. ఒక మెట్టు నుంచి ఐదు మెట్ల దాకా వెతకమని బాణం మీదే రాసేయవచ్చు. కాగితం మీద గీసుకున్న బొమ్మకూ క్వెరీకీ పెద్ద తేడా ఉండదు. కంప్యూటర్ సైన్స్ చదవని కొట్టు గుమస్తా కూడా దాన్ని చూసి, 'ఈ గీత తప్పండీ, ఆ రైతు మన ఖాతా కాదు' అని దిద్దగలడు. నాకు ఇందులో నచ్చింది ఇదే.

వాడేవాళ్ళు పెరగడం అంత అవసరమా అని అడగవచ్చు. ఫాక్స్‌ప్రోను నమ్ముకున్న మా తరానికి ఆ అవసరం బాగా తెలుసు. మైక్రోసాఫ్ట్ 2007లో ఇక కొత్త వెర్షన్ ఉండదని చెప్పేసింది. 2015 జనవరితో మద్దతు కూడా ఆపేసింది. వాడేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నా కోడ్ మన చేతిలో లేదు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఓపెన్ సోర్స్‌లో ఆ దారి మూసుకుపోదు, అయితే దాంట్లో నడిచే జనం ఉండాలి. టైటాన్ అనే గ్రాఫ్ డేటాబేస్ సంగతి చూడండి. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని 2015లో డేటాస్టాక్స్ కొనేసింది, టైటాన్ పని ఆగిపోయింది. కానీ దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. ఆ కోడ్‌నే తీసుకుని 2017లో లైనక్స్ ఫౌండేషన్ నీడన జానస్‌గ్రాఫ్ పేరుతో నిలబెట్టారు. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో పుట్టిన కుజు ఇంకో ఉదాహరణ. సర్వర్ అక్కర్లేకుండా మన ప్రోగ్రాంలోనే ఇమిడిపోయే చక్కటి డేటాబేస్. 2025 అక్టోబరులో దాని కోడ్ ఉంచే రిపాజిటరీని ఆర్కైవ్ చేసేశారు, అంటే ఇక మార్పులు చేయకుండా అటకెక్కించారు. ఎంఐటీ లైసెన్సు కాబట్టి కోడ్‌ని ఎవరైనా తీసుకుని కొనసాగించుకోవచ్చు. ఎవరైనా అన్నచోట నిజంగా మనుషులున్నారా లేదా అన్నదే ప్రశ్న. అందుకే వాడేవాళ్ళ సంఖ్యను నేను ప్రచారం కింద చూడను, బీమా కింద చూస్తాను.

ఆ బీమా టీషర్టులతో రాదు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో టీషర్టు వస్తుందని వేలంవెర్రిగా పనికిరాని మార్పులు పంపి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపేవాళ్ళకు ఊపిరాడకుండా చేశారు. చివరికి తమంతట తాము ఒప్పుకున్న ప్రాజెక్టులకే అది వర్తిస్తుందని నిబంధన మార్చవలసి వచ్చింది. మన దగ్గరి వర్క్‌షాపుల్లో అంత గొడవ జరగదు గానీ తీరు అదే. హాల్లో పిల్లలందరి చేతా, ప్రాజెక్టుల కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో లైకు లాంటి స్టార్ నొక్కిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు, పిల్లలు దాన్ని లింక్డిన్‌లో పెట్టుకుంటారు. నెల తర్వాత వాళ్ళ ల్యాప్‌టాప్‌లో ఆ డేటాబేస్ ఉండదు. స్టార్లు మాత్రం ఉంటాయి.

మరి ఏం చేయాలి? నాకు తోచినంతలో, కొత్త సర్వర్ పెట్టుకోమని ఎవరినీ అడగకూడదు. మా కొట్లలో చాలా చోట్ల ఒకే కంప్యూటర్. దాని మీదే ప్రింటరు, దాని మీదే సీసీ కెమెరా. అందులో ఇంకొకటి వేయమంటే యజమాని ఒప్పుకోడు. అతనికి ముందుగా కనిపించేది లాభం కాదు, రేపు పొద్దున పట్టీ ప్రింటు ఆగిపోతే ఎట్లా అన్న భయం. అందుకని నాకు అపాచీ ఏజ్ మార్గం బాగుందనిపిస్తుంది. అది విడి డేటాబేస్ కాదు. పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ టేబుళ్ళ డేటాబేస్‌లో చేర్చుకునే ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం). లెక్కల టేబుళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి, పక్కనే గ్రాఫ్ ఉంటుంది, ఎస్‌క్యూఎల్ లోపలే సైఫర్ రాయవచ్చు. బాగా పేరున్న గ్రాఫ్ డేటాబేస్ నియోఫోర్‌జే అంత ప్రసిద్ధి దీనికి లేదు, ఆ సదుపాయాలూ ఇందులో లేవు. అయినా ఇప్పటికే ఇంట్లో ఉన్నదానికి ఒక గది కట్టుకోవడం, కొత్త ఇంటికి మారడం ఒకటి కాదు కదా.

ఇక కాలేజీలు. డీబీఎంఎస్ (డేటాబేస్ పాఠం) ల్యాబ్‌లో పిల్లలకు ఇచ్చే ఉదాహరణలు నాకు కంఠతా వచ్చు. ఉద్యోగులు, శాఖలు. లేకపోతే నావికులు, పడవలు, వాటి రిజర్వేషన్లు. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లలు పున్నమి ఘాట్‌లో బోటు ఎక్కకపోయినా, ఎర్ర పడవ బుక్ చేసుకున్న నావికుల పేర్లు మాత్రం తడుముకోకుండా తీస్తారు! ఆ టేబుళ్ళతో గ్రాఫ్ ఎందుకో ఎన్నటికీ అర్థం కాదు, ఎందుకంటే ఆ ప్రశ్నలకు గ్రాఫ్ అక్కర్లేదు.

మన డేటా ఇవ్వండి, తేడా తెలుస్తుంది. పేర్ల సంగతే తీసుకోండి. ఒక కొట్లో కె. వెంకటేశ్వర్లు, ఇంకో కొట్లో వెంకటేశ్వరరావు, మూడో కొట్లో కోటేశ్వరరావు గారి అబ్బాయి అని మాత్రమే ఉంటుంది. ముగ్గురూ ఒక్కరే కావచ్చు, ముగ్గురూ వేరే కావచ్చు. ఇంగ్లిష్‌లో రాస్తే ఒక ఊళ్ళోనే ఆ పేరుకు నాలుగు స్పెల్లింగులు. ఫోన్ నంబరు కలుస్తుందా అంటే, పల్నాడు నుంచి సరుకుతో వచ్చే రైతు కొడుకు నంబరు ఇస్తాడు, ఒక్కోసారి లారీ డ్రైవరు నంబరు ఇస్తాడు. అప్పుడు పాస్‌పుస్తకం నంబరు ఒక గీత, ఊరు ఒక గీత, ఒకే లారీలో దిగిన లాట్లు ఒక గీత. ఎన్ని గీతలు కలిస్తే ఇద్దరు ఒక్కరని నమ్మవచ్చో విద్యార్థి తేల్చాలి. పేర్లు, నంబర్లు మార్చి అలాంటి నమూనా డేటా తయారుచేయడం కష్టమేమీ కాదు. ఆ నమూనానూ, దాన్ని సాధించిన తీరునూ తిరిగి ఆ ప్రాజెక్టుకు ఉదాహరణగా పంపితే, అది వంద స్టార్ల కంటే విలువైన సాయం. ఇంటి పేర్లతో, పొడి అక్షరాలతో సతమతమయ్యేది మనం ఒక్కళ్ళమే కాదు, దక్షిణాది అంతా ఉంది.

లైసెన్సు గురించి రెండు మాటలు. ప్రచారం చేసేవాళ్ళు మొదటి రోజే ఏది ఓపెన్, ఏది కాదో విప్పి చెప్పాలి. నియోఫోర్‌జే ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందే ఉంది. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ కోడ్‌ని మాత్రం 2018లో బయటికి ఇవ్వడం ఆపేశారు. ఆరాంగోడీబీ అనే ఇంకో డేటాబేస్ 2023లో లైసెన్సు మార్పు ప్రకటించింది. వాళ్ళ వ్యాపారం వాళ్ళది, తప్పు పట్టను. కానీ ఈ సంగతి మూడో ఏడు తెలిసిన కొట్టు యజమాని ఇంకెప్పుడూ ఓపెన్ సోర్స్ మాట ఎత్తనివ్వడు. ధైర్యం చెప్పే విషయం కూడా ఒకటుంది. 2024 ఏప్రిల్‌లో గ్రాఫ్ క్వెరీలకు జీక్యూఎల్ అనే భాషను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ప్రమాణంగా ప్రచురించింది. 1987లో ఎస్‌క్యూఎల్ తర్వాత డేటాబేస్ భాషకు ఆ గుర్తింపు రావడం అదే. సైఫర్ నేర్చుకున్నవాడికి అది దగ్గరగానే ఉంటుంది. కాబట్టి రేపు ఒక డేటాబేస్ మూతపడ్డా నేర్చుకున్న విద్య ఎక్కడికీ పోదు.

మీరు పత్రికవారు కాబట్టి చివరగా ఒకటి. 2016లో పనామా పత్రాలు బయటపడినప్పుడు కోటీ పదిహేను లక్షల పత్రాల్లో ఎవరి కంపెనీ వెనక ఎవరున్నారో వెతకడానికి విలేకరులు వాడినవాటిలో నియోఫోర్‌జే ఒకటి. ఆ కంపెనీలు, వాటి వాటాదారుల సంబంధాల డేటాను అంతర్జాతీయ పరిశోధక పాత్రికేయుల కూటమి ఎవరైనా దించుకునేలా ఉంచింది కూడా. అంటే గ్రాఫ్ డేటాబేస్ వాడగలవాళ్ళు కాలేజీల్లోనే కాదు, మీ డెస్కులోనూ ఉండవచ్చు.

మీ చదువుల పేజీలో పోటీ పరీక్షల బిట్ల పక్కన కొద్దిగా చోటు అడుగుతున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో ఏజ్ చేర్చుకోవడం, పది చుక్కలు పెట్టడం, గీతలు కలపడం, ఒక ప్రశ్న అడగడం. మొదటి గంటలో చేయవలసిందంతా తెలుగులో, ఎర్రర్ మెసేజ్ వస్తే ఏం చేయాలో కూడా కలిపి. పాఠాలు నేనే రాసిస్తాను, పారితోషికం వద్దు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు నాకు తీరిక. ఏప్రిల్ లోపు కబురు పెడితే నమూనా డేటాతో సహా సిద్ధం చేస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు