ఆదివారం నీటి మర (నీళ్లతో తిరిగే పిండిమర) చూడ్డానికి వెళ్తున్నాం

అందరికీ నమస్కారం 🙏

ఉదయం 9:30కల్లా మర గేటు దగ్గర ఉండండి. సరిగ్గా 10కి తూము తలుపు ఎత్తి చక్రం మీదికి నీళ్లు వదులుతారు. చక్రం కదలడం మొదలయ్యే ఆ క్షణమే చూడాలి, ఆలస్యమైతే పోయినట్టే!

వేలాడే చున్నీలు, గొలుసులు వద్దు. జుట్టు ముడేసుకోండి, లోపల పళ్ల చక్రాలు తిరుగుతుంటాయి. పిండి దుమ్ముకి నిప్పంటుకుంటుంది, కాబట్టి లైటర్ బయటికి తీయొద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకి మాస్క్ తప్పనిసరి. చక్రం పక్కన నాచు ఉంటుంది, జారని బూట్లే వేసుకోండి.

లోపల రాళ్ల దగ్గర కాసేపు ఆగండి. కింది రాయి కదలదు, పైది తిరుగుతుంది. అంచు దగ్గర సందు కాగితమంత. అది తగ్గితే పిండి వేడెక్కి కమురు వాసన, పెరిగితే రవ్వే. మర నడిపేవారు మాటిమాటికీ పిండిని బొటనవేలితో నలిపి చూసేది అందుకే. గింజ అయిపోతే రాయికి రాయి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, కక్కు (రాయి మీద చెక్కిన గాట్లు) అరిగిపోతుంది. చాలా మరల్లో గింజ తగ్గగానే గంట మోగే ఏర్పాటు ఉంటుంది, అడిగి చూడండి.

కాలవలో నీళ్లు తగ్గినా, వరదొచ్చి చక్రం కింది భాగం మునిగిపోయినా మర తిరగదు. కాబట్టి శనివారం సాయంత్రం గ్రూప్ ఒకసారి చూసుకోండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు పేరు, పిల్లలుంటే వయసు ఇక్కడే పెట్టండి. మెట్లు నిటారు, చంటిపిల్లల బండ్లు ఎక్కవు.