డబ్బా మారితే మాత్ర మారుతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

సొంత బ్రాండు పెట్టాలనుకునే కుర్రాళ్లకు సలహాలంటూ ఆ మధ్య మీ పేపర్లో వచ్చింది చదివాను. డబ్బా అందంగా ఉండాలి, పేరు జనం నోట్లో నానాలి, ఇన్‌స్టాలో కనపడాలి అని రాశారు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో నాలుగేళ్లుగా విటమిన్, క్యాల్షియం మాత్రలు సొంత పేరుతో అమ్ముతున్నాను. సొంతమంటే పేరొక్కటే సొంతం. ఫ్యాక్టరీ వేరేవాళ్లది, ఫార్ములా కూడా వాళ్లదే, మనం డబ్బు కట్టి మన లేబుల్ వేయించుకుంటాం, ఈ లైన్లో దాన్ని థర్డ్ పార్టీ అంటాం. అదే ఫ్యాక్టరీలో అదే మాత్ర మా పక్క వీధాయనా చేయించుకుంటాడు, గుంటూరు కొత్తపేటలో ఇంకొకాయనా చేయించుకుంటాడు. మరి నాదే ఎందుకు కొనాలి?

మొన్న బాకీ వసూలుకని సూర్యారావుపేటలో ఒక మెడికల్ షాపు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక పెద్దావిడ రెండు డబ్బాలు చెరో చేత్తో పట్టుకుని చూస్తోంది. ఒకటి నాది, ముందువైపు 500 అని ఉంది. రెండోదాని మీద 1250 అని ఇంత లావు అంకెలు. "ఇది పవరెక్కువ కదా బాబూ" అని 60 రూపాయలు ఎక్కువ పెట్టి 1250ది కొనుక్కుని వెళ్లిపోయింది. రెండిట్లోనూ ఉన్నది ఒకటే! క్యాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములుంటే అందులో అసలు క్యాల్షియం 40 శాతం, అంటే 500. వాళ్లు మొత్తం పొడి బరువు వేశారు, నేను అందులోని క్యాల్షియం బరువు వేశాను. అబద్ధం ఎవరూ ఆడలేదు, కానీ ఆవిడకు 60 రూపాయలు పోయాయి, నాకు బేరం పోయింది.

నేనూ శుద్ధపూసనేమీ కాదులెండి. మొదటి లాటుకు 'కీళ్ల నొప్పులు మాయం' అని లేబుల్ కొట్టించాను. ఫుడ్ లైసెన్సు మీద, అంటే మందుగా కాక ఆహారంగా, అమ్మే ఇలాంటి సరుకుకు రోగం తగ్గుతుందని రాయకూడదనీ, మందుగా వాడకూడదన్న మాట లేబుల్ మీద తప్పనిసరిగా ఉండాలనీ, 2016 నాటి రూల్స్‌లోనే ఇదంతా ఉందనీ లైసెన్సు పనులు చూసే ఆయన చెప్పేసరికి 300 డబ్బాలకు అంటించేశాం. రాత్రి చాప పరుచుకుని, కొబ్బరి నూనె రాసి, గోళ్లతో గీకాం, మా అత్తగారు కూడా కూర్చున్నారు. కాగితం వచ్చింది గానీ జిగురు వదల్లేదు. ఆ డబ్బాల్లో మా ఇంట్లో ఇప్పటికీ ఆవాలు, మెంతులు ఉంటాయి.

ఆ తర్వాతే బుద్ధొచ్చింది. లేబుల్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలంటుంది రూలు, దాంతోపాటు తెలుగు వేసుకుంటే ఎవరూ వద్దనరు. అయినా వేసేవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. నేను వేయించాను: అన్నం తిన్నాక వేసుకోండి, ఐరన్ మాత్ర కూడా వాడుతుంటే రెండూ ఒకేసారి మింగొద్దు, మధ్యలో రెండు గంటలైనా ఆగండి, అని. బ్యాచ్ బ్యాచ్‌కూ ల్యాబ్ రిపోర్టు తీయించి, క్యూఆర్ కోడ్ కొడితే ఫోన్లో కనపడేలా పెట్టాను. స్కాన్ చేసేవాళ్లు బహు తక్కువ, కానీ మళ్లీ ఫోన్ చేసి తెప్పించుకునేది వాళ్లే. షాపువాళ్లు మాత్రం ఇవేవీ అడగరు. మార్జిన్ ఎంత, పదికి ఎన్ని ఫ్రీ, అంతే. వాళ్లనీ అనలేం, అద్దెలు అలా ఉన్నాయి.

పసుపు క్యాప్సూల్స్ సంగతి మరీ ఘోరం. ముందువైపు దుగ్గిరాల పసుపు కొమ్ముల బొమ్మ, వెనక్కి తిప్పితే పసుపులోని ముఖ్య పదార్థం కర్కుమిన్ ఎంతుందో ఉండదు. మామూలు పసుపులో అది నూటికి మూడు పాళ్లకు అటూ ఇటూగా ఉంటుంది, సారం తీస్తే 95 దాకా వెళ్తుంది. లోపల పోసింది పసుపా, సారమా? క్యాప్సూల్ విప్పి చూసినా మామూలు కంటికి ఏం తెలుస్తుంది, రెండూ పచ్చగానే ఉంటాయాయె.

మిమ్మల్ని అడిగేది ఒకటే. షుగర్ మటుమాయం, మోకాళ్లు కొత్తవైపోతాయి అంటూ మీ పేపర్లోనే ప్రకటనలు వస్తున్నాయి. తీసుకునే ముందు 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు, ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు చూపించమనండి. వచ్చే నెల నేనూ చిన్న ప్రకటన ఇద్దామనుకుంటున్నాను, నన్నూ అడగండి.

– ఒక చిన్న బ్రాండు యజమాని, గవర్నర్‌పేట, విజయవాడ