ఆఫ్రికా పిల్లల స్పాన్సర్‌షిప్: డబ్బు ఊరికి చేరాలి

సంపాదకులకు,

స్పెయిన్ కుటుంబాలు ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ద్వారా పంపిన స్పాన్సర్‌షిప్ డబ్బు మన పల్లెల్లో బడులకు, ఇళ్లకు, ఆసుపత్రులకు ఎలా చేరిందో అనంతపురం జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మనవాళ్లే ఆఫ్రికా బిడ్డకు నెలనెలా డబ్బు కడతామంటే సంతోషమే. కట్టేముందు ఆ డబ్బు దారి తెలుసుకోవాలి.

కొన్ని సంస్థలు ఫొటోలోని బిడ్డ ఫీజులు, పుస్తకాలు, వైద్యం చూస్తాయి. ఇది వృథా కాదు. కంపాషన్ సంస్థ పిల్లలపై కెన్యా, ఉగాండా, మన దేశం సహా ఆరు దేశాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, స్పాన్సర్ దొరికిన పిల్లలు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని తేలింది. మరికొన్ని సంస్థలు చందాలన్నీ కలిపి, ఒక ప్రాంతంలో పది పదిహేనేళ్లు ఉండి పనిచేస్తాయి. మా ఓటు వీటికే.

నులిపురుగుల సంగతే తీసుకోండి. మన బడుల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రే అక్కడా ఇస్తారు. స్పాన్సర్ ఉన్న ఒక్క బిడ్డకే వేస్తే, మిగతా పిల్లల మలం వల్ల పాడైన మట్టిలో నడిచి, ఆడి, ఆ బిడ్డకు పురుగులు మళ్లీ పడతాయి. కెన్యాలోని బుసియాలో 75 బడులను తీసుకుని, విడతలవారీగా బడి మొత్తానికీ మాత్రలు వేస్తే గైర్హాజరు పావు వంతు తగ్గింది.

నీళ్ల విషయంలో దెబ్బ తినేది సంస్థ వెళ్లిపోయాకే. మనం బోరింగు అనే ఇండియా మార్క్-2 పంపు ఆఫ్రికాలోనూ వేలకొద్దీ ఉంది. గట్టి పంపే. కానీ అడుగున సిలిండర్‌లో వాషర్ అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. నలభై మీటర్ల లోతులో ఉంటే మూడేసి మీటర్ల జీఐ పైపులు పదమూడు దాకా, ఒక్కోదాన్ని క్లాంపుతో పట్టి విప్పాలి. ముక్కాలి స్టాండూ పనిముట్లూ తెలిసిన మెకానిక్కూ లేకపోతే పంపు అలాగే నిలిచిపోతుంది. అందుకే నీళ్లు 45 మీటర్ల లోపే ఉన్నచోట ఆఫ్రిడెవ్ పంపు మేలు. దాని పిస్టన్‌ను కడ్డీలతో పాటు పైపులోంచే పైకి తీయవచ్చు, పైపులు కదపనక్కర్లేదు. ఊరి ఆడవాళ్లే నేర్చుకుని వాషర్ మార్చేయగలరు. 2009లో ఆఫ్రికాలోని 20 దేశాల లెక్కలు కూడితే చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా పనిచేయడం లేదు. విడిభాగాలు అమ్మే అంగడి దగ్గర్లో లేకపోవడం, నీటి కమిటీ దగ్గర పైసా నిల్వ లేకపోవడం ఇందుకు పెద్ద కారణాలు.

కాబట్టి సంస్థను నేరుగా అడగండి: నా డబ్బు బిడ్డకా, ఊరుమ్మడి నిధికా? ఆ ప్రాంతం నుంచి ఏ సంవత్సరం తప్పుకుంటారు? అప్పటికి పంపు, బడి ఎవరి చేతికి వస్తాయి? కుటుంబం వలస పోతే ఆ స్పాన్సర్‌షిప్ ఏమవుతుంది? పుట్టినరోజు కానుకలు విడిగా పంపకండి. పక్కింటి బిడ్డకు ఏమీ రాకపోతే ఆ వాడలో ముందుగా పుట్టేది తగవే.

ఇంకొక మాట. విదేశీ సంస్థకు నేరుగా పంపే విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఆశపెట్టుకుని కట్టవద్దు.

– గ్రామాభివృద్ధి కార్యకర్తలు, అనంతపురం