కొండమీద ఉప్పు దొరికిందిరా

కుస్కో
ఆగస్టు 14, తెల్లవారుజామున రెండున్నర

ఒరేయ్ ఉప్పూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. పెరూలో, లిమాలో దిగిన వారానికే ఉత్తరం రాస్తానన్నవాణ్ణి రెండు నెలలు దాటించాను. ఒకటి మొదలుపెట్టాను కూడా, సగం పేజీ, అమ్మాయి వాళ్ళింట్లో బల్లసొరుగులో ఉంది. దాన్ని వదిలెయ్, అందులో ఏమీ లేదు. ఇవాళ మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నువ్వు మొదటి మాటకే "కొయ్యకురా" అని అడ్డం పడతావు. కాగితమైతే చివరిదాకా వింటావు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మాయి బాగుంది, ఉద్యోగం కుదురుకుంది. మీ చెల్లెలి మోకాలు నయం, మెట్లు నాకంటే ముందే ఎక్కుతోంది. అల్లుడు చిక్కాడు. నీ వడియాల పొట్లం విమానాశ్రయంలో భద్రంగా బయటపడింది, ఈపాటికి ఖాళీ కూడా అయింది. చెల్లెమ్మతో చెప్పు.

నాలుగు రోజుల కిందట కుస్కో వచ్చాం. ఈ ఊరు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది కదా, అక్కడ విమానమెక్కితే గంటన్నర తిరక్కుండా ఇక్కడ దించేస్తారు. ఒంటికి ఏమైందో తెలిసేలోపే తల పగిలిపోతుంది. మొదటిరోజు హోటల్ మెట్లు పన్నెండు ఎక్కేసరికి నేను గోడ పట్టుకున్నాను. కోకా ఆకుల టీ ఇస్తారు, గడ్డివాసన వేస్తుంది, కానీ పనిచేస్తుంది. ఇంకో మాట, ఇక్కడ నీళ్లు 90 డిగ్రీలైనా చేరకుండానే మరిగిపోతాయి, కాబట్టి పప్పు ఉడకదు. మన హాస్టల్ మూడో నంబరు గది జనానికి ఈ వార్త నువ్వే చేరవెయ్యి, వాళ్ళు నా పేరు మీద ఒక పూట నవ్వుకుంటారు.

ఊళ్ళో చూసినవి కూడా ఒక ముక్కలో చెప్పేస్తాను. సక్సయ్‌వామన్ అని ఊరి నెత్తిన ఇంకాల కోట, అంటే స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఇక్కడ ఏలినవాళ్ళది. ఒక్కో రాయి వంద టన్నులకు పైనే ఉంటుంది కొన్నిచోట్ల. సున్నం లేదు, మట్టి లేదు, రాయికి రాయి అతికినట్టు కూర్చుంది, సందులో నా చేతిగోరు పట్టలేదు. కొరికాంచా అనే సూర్యుడి గుడి మీద స్పెయిన్‌వాళ్ళు చర్చి కట్టారు. 1950లో భూకంపం వచ్చి చర్చి బాగా దెబ్బతింది, దాని మరుగునున్న ఇంకాల గోడలు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. ఆ గోడ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. దాని గురించి విడిగా రాస్తాను. రాస్తానురా, నిజంగా.

ఇక అసలు సంగతి. కొండమీద ఉప్పు దొరికిందిరా!

నవ్వకు. ముప్పై ఏళ్ళుగా మనం దేన్నయినా జరగని పని అనడానికి ఆ మాటే కదా వాడుతున్నాం. లోకమంతా కొండమీది కోతిని తెమ్మంటే మన గది కొండమీది ఉప్పును తెమ్మనేది. బొంగరం మాస్టారి పేపర్లో పాసవడం కొండమీద ఉప్పు. పచ్చలుంగీ వాడు బాకీ తీర్చడం కొండమీద ఉప్పు. దానికి మూలం నువ్వే. "ఉప్పుకు పల్లం కావాలిరా, సముద్రం కావాలిరా, కొండమీద పండితే నా పేరు మార్చుకుంటా" అని మంచమెక్కి మరీ ఒట్టు పెట్టావు. ఉసిరికాయ కొండమీద, ఉప్పు సముద్రంలో అని మీ అమ్మగారి సామెత కూడా చదివావు.

నిన్న పొద్దున, కుస్కోకి దాదాపు 40 కిలోమీటర్ల దూరాన, మారాస్ అనే ఊరికి వెళ్ళాం. ముందు మొరాయ్ చూపించాడు డ్రైవరు. కొండల మధ్య గుండ్రంగా దిగుడుబావిలా మెట్లుమెట్లుగా పొలాలు, పెద్దది 30 మీటర్ల లోతుంటుంది. అద్భుతమే. కానీ నేను దాన్ని సగం కళ్ళతోనే చూశాను, ఎందుకంటే తర్వాత ఎక్కడికి పోతామని అడిగితే "సలినేరాస్" అన్నాడు. సల్ అంటే ఉప్పని లిమాలో కూరగాయల కొట్లోనే నేర్చుకున్నాను. నా గుండె ఒక్కసారి లటుక్కుమంది.

మారాస్ దాటాక చుట్టూ ఎండిన గడ్డి, ఎర్రమట్టి, దూరంగా మంచుకొండలు. ఎక్కడా నీటిచుక్క లేదు. కారు ఒక మలుపు తిరిగింది. కింద లోయ గోడంతా తెల్లగా, మెట్లుమెట్లుగా, ఉప్పు మడులు! ఒకటీ రెండూ కాదు, 3,000కు పైనే ఉంటాయట. చిన్న చిన్నవి. మన హాస్టల్ గదిలో మంచాలు తీసేస్తే ఎంత ఉంటుందో చాలావరకు అంతే, కొన్ని అంత కూడా లేవు. ఒకదాని కింద ఒకటి, కొండ వాలునంతా పట్టుకుని వేలాడుతున్నట్టు. గట్లు ఉప్పు పేరుకుని తెల్లగా మందంగా ఉన్నాయి. సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన, సముద్రం ఎక్కడో కొండల అవతల. నేను కారులోంచి దిగి "ఒరేయ్" అని అరిచాను. మీ చెల్లెలు ఎవరినని అడిగింది. నిన్నేరా!

ఇదెలా సాధ్యం అంటావు కదా. కొండ లోపల పూర్వకాలపు ఉప్పు పొరలున్నాయి. నీళ్లు వాటిని కరిగించుకుంటూ వచ్చి ఒకచోట ఊటగా పైకొస్తాయి. ఆ కాలువ ఎంతనుకున్నావు? నా జానకు కాస్త ఎక్కువ. అంతే. అంత చిన్న కాలువ కొండను దిగుతూ చీలి, చీలి, మళ్ళీ చీలి, అన్ని వేల మడులనూ తడుపుతోంది. మోటారు లేదు, పైపు లేదు. నీటి దారి అంతా పల్లానికే. నేను వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, మన సముద్రం దీని ముందు చప్పనిది. ఇంకాల కంటే ముందునుంచే ఇక్కడ ఉప్పు తీస్తున్నారట.

మడవ సంగతి విను, నీకిది నచ్చుతుంది. మడి నిండగానే ఒక చిన్న రాయి అడ్డంపెట్టి మట్టీ ఉప్పూ మెత్తి మడవ కట్టేస్తారు, నీళ్లు కింది మడికి పోతాయి. మూడు నాలుగు రోజులకు నీళ్లు ఎండిపోతే మళ్ళీ మడవ తీస్తారు. ఇలా నెల రోజులు. పది సెంటీమీటర్ల మందాన పేరుకున్నాక చెక్కతో కొట్టి పగలగొట్టి తీస్తారు. పైపొర తెల్లగా, దాని కింద లేత గులాబీ, అడుగున మట్టిరంగు. మూడింటికీ మూడు ధరలు. వానలు పడే నెలల్లో పని ఉండదు, మే నుంచి అక్టోబరు దాకానే. మీకు జనవరి నుంచి జూన్ కదా. మీరు ఆపే వేళకు వీళ్ళు ఊపులో ఉంటారన్నమాట. అంటే ఏడాదిలో దాదాపు అన్ని నెలలూ ఎవరో ఒకరు... సరే, ఆ లెక్క నువ్వే వేసుకో.

మడులు ఊళ్ళోని కుటుంబాలవి. మారాస్, పిచింగోటో అని రెండు ఊళ్ళ జనానివి. తండ్రినుంచి బిడ్డకు వస్తాయి. నీటి దగ్గర తగాదా వస్తే ఊరే తీరుస్తుంది.

ఇప్పుడు నేను చెప్పాల్సిన మనిషి. చూడ్డానికి వచ్చినవాళ్ళను మడుల మధ్యకు పోనివ్వరు, 2019 నుంచి ఆపేశారు, పైన బాటలోంచే చూడాలి. బాటను ఆనుకుని ఉన్న మడిలో ఒకావిడ పనిచేస్తోంది. అరవై ఉంటాయేమో, తలమీద టోపీ, రెండు జడలు, పాదాలకు చెప్పులు లేవు. ఉప్పు గట్టిపడిందో లేదో బొటనవేలితో నొక్కి చూస్తోంది. ఒరేయ్, బాబాయి! అచ్చం బాబాయి! ఒక కాలు కాస్త ముందుకు వేసి, నడుం వంచకుండా, బొటనవేలితో నొక్కి, ఆ వేలికి అంటిందాన్ని చేత్తో తీసి నాలిక మీద పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి "రేపు కాదు, ఎల్లుండి" అనేవారే, ఆ క్షణం. నేను మొదటిసారి మీ ఊరొచ్చినప్పుడు గట్టుమీద నిలబడి చూసింది అదే. ఆవిడ కూడా అలాగే ఆగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డ్రైవరుకు కెచువా, అంటే ఇక్కడి కొండజనం భాష, వచ్చు. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలు అతనికి, అతని కెచువా ఆవిడకు. నా స్నేహితుడి ఇల్లు కూడా ఉప్పు మడుల మీదే బతికిందని చెప్పించాను. నువ్వు సంక్రాంతికి పంపావు చూడు, చినగంజాం మడుల్లో బాబాయి గంప పట్టుకుని నిలబడ్డ ఫొటో, అది ఫోన్లో చూపించాను. ఆవిడ చేతులు లంగాకి తుడుచుకుని ఫోను దగ్గరగా పట్టుకుంది. ముందు పాదాలనే చూసింది. తర్వాత ఏదో అడిగింది. "కొండ ఏది?" అని అడుగుతోందన్నాడు డ్రైవరు.

కొండ లేదని చెప్పాను. సముద్రం పక్కనే, నేలంతా సమంగా ఉంటుందన్నాను. నమ్మలేదురా! నువ్వు కొండమీద ఉప్పును నమ్మనట్టే, ఆవిడ పల్లంలో ఉప్పును నమ్మలేదు. మూటలు పైకెలా మోస్తారంది. మోయక్కర్లేదు, బండి మడి దగ్గరికే వస్తుందన్నాను. పక్క మడిలో ఉన్న పిల్లను పిలిచి అదే చెప్పింది, ఇద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ళు మూటను వీపుకు కట్టుకుని ఆ వాలు మీద పైదాకా ఎక్కాలి. నేను ఉత్త చేతులతో ఎక్కడానికే నాలుగుసార్లు ఆగాను.

ఆవిడ ఇంకో మూడు ప్రశ్నలు అడిగింది. బస్తా ఎంతకు పోతుంది? పాదాలు పగిలితే ఏం రాస్తారు? పిల్లలు ఆ పనిలోకి వస్తున్నారా? నాకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు. ఇన్నేళ్ళు మీ ఇంట్లో తిని, మీ ఇంటి ఉప్పు తిని, నాకు తెలియలేదు. చాలా సిగ్గేసింది. నువ్వు రాయి. డ్రైవరు నంబరు తీసుకున్నాను, చేరుస్తాడట.

వచ్చేస్తుంటే ఒక ఉప్పుగడ్డ విరిచి బాటమీదికి అందించింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇప్పుడు నా పక్కనే ఉంది, గులాబీరంగు, నా గుప్పెడంత. బాబాయికి. ఆయన నాలిక మీద పెట్టుకుని ఏమంటారో అక్షరం పొల్లు పోకుండా నాకు రాయాలి.

ఉప్పును కెచువాలో "కచి" అంటారు. ఆయర్ కచి అని ఒకడి కథ ఉంది. ఇంకాల మూలపురుషులు నలుగురు అన్నదమ్ముల్లో ఒకడు. వడిసెల రాయి విసిరితే కొండలు పగిలేంత బలశాలి. ఆ బలానికి భయపడి, గుహలో మరిచిపోయిన బంగారు పాత్రలు తెమ్మని లోపలికి పంపి, తలుపు రాయితో మూసేశారట తోడబుట్టినవాళ్ళు. ఆ కచి కన్నీళ్ళే ఈ ఊట అని డ్రైవరు చెప్పాడు. వాలు మీద నిలబడి వింటుంటే నాకు కథలా అనిపించలేదు.

ఇప్పుడు అసలు... ఇది ఎలా రాయాలో తెలియక ఇందాకట్నుంచి దాటేస్తున్నాను. మీ మడులు రొయ్యల చెరువుల వాళ్ళకిచ్చేస్తానన్నావు కదా. పోయినేడు నువ్వడిగితే "ఇచ్చెయ్, ఇంకా ఏం మిగిలింది అందులో" అన్నది నేనే. చాలా తేలిగ్గా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇవ్వొద్దని చెప్పే హక్కు నాకు లేదు, నీ అప్పులు నాకు తెలుసు, రేట్లు పడిపోయిన ఏడాది మీరెలా గడిపారో చూశాను. ఒక్కసారి తీపినీళ్ళో రొయ్యలనీళ్ళో ఎక్కాక ఆ నేల మళ్ళీ మడి అవుతుందా అన్నది నాకంటే నీకే బాగా తెలుసు. నేను వచ్చేదాకా ఆగు, అంతే. అక్టోబరు 2న దిగుతున్నాను. నేరుగా మీ ఊరికే వస్తాను. బాబాయితో గట్టుమీద కూర్చుని ముగ్గురం మాట్లాడుకుందాం. ఆ తర్వాత నువ్వు ఏం చేసినా నేను నీ వెనకే ఉంటాను.

ఇంకా ఒకటి, ఆవిడ మడి పక్కన ఇంకో మడి పాడుబడి ఉంది, గట్లు కూలి, ఉప్పంతా మట్టి కలిసి. అది ఎవరిదని అడిగితే డ్రైవరు కొడుకు కుస్కో వెళ్ళి...

వ్యాన్ వచ్చింది, హారన్ కొడుతున్నాడు. మాచుపిచ్చు రైలుకు ఒల్లాంతాయ్‌తాంబో దాకా పోవాలి. మీ చెల్లెలు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఈ ఉత్తరం బాబాయికి గట్టిగా చదివి వినిపించు. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు రాయి, మర్చిపోకు. పేరు మార్చుకునే సంగతి వచ్చాక

నీ పప్పు